వాలు నేల మీద గీసిన గీతలు

పెద్దమ్మ కారులో పెట్రోలు చూపించే ముల్లు నేను ఆమెను ఎరిగేనాటికే చచ్చిపోయి ఉంది. ట్యాంకు నిండా ఉన్నా, అడుగంటినా అది సున్నా దగ్గరే పడుకునేది. ఆ ముల్లు చేయాల్సిన పని నేను చేసి పెడతానని ముందుకు పోవడం వల్లే జరిగిందంతా జరిగింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. శంషాబాదు దాటాక బెంగుళూరు రోడ్డు పక్కన ఆమెకు ఆరెకరాల ద్రాక్షతోట ఉండేది. తొంభైల మధ్యలో ఆమెకు అరవై ఏడేళ్ళు, నాకు ముప్పై మూడు. కారు ల్యాండ్‌మాస్టర్. ముదురు ఆకుపచ్చ రంగు, నాకంటే అయిదారేళ్ళు పెద్దది. ఆమె భర్త దాన్ని పాతబండిగానే కొన్నాడట. కొన్న మూడేళ్ళకు ఆయనకు చూపు మందగించింది. దవాఖానకు తీసుకుపోవడానికీ, తోట పనుల మీద తిరగడానికీ మనిషి కావాలి. ఆయనే పక్క సీట్లో కూర్చుని ఆమెకు నడపడం నేర్పాడు. రోడ్డు ఆమె చూసేది, ఇంజిను ఆయన వినేవాడు. చప్పుడును బట్టి గేరు ఎప్పుడు మార్చాలో, బండికి ఏం కావాలో ఆయన చెప్పేవాడు. ఆయన పోయేనాటికి ఆ వినడం కూడా ఆమెకు వచ్చేసింది. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలో ఆ బండి రోడ్డు మీద ఒక్కసారి కూడా ఆగలేదు.

నేను చదివింది ఏడో తరగతి వరకే. బడి ఆగింది కానీ లెక్క ఆగలేదు. పెళ్ళయి శంషాబాదు వచ్చాక ఒక కోళ్ళ ఫారంలో గుడ్ల లెక్క చూసే పనికి కుదిరాను. ట్రేకు ముప్పై గుడ్లు. ఏ షెడ్డులో ఎన్ని పెట్టాయి, ఎన్ని పగిలాయి, ఎన్ని బండికెక్కాయి, అంతా కాగితం మీద పెట్టకముందే నా తలలో ఉండేది. ఫారం యజమాని ఎవరితోనైనా, "ఆమె చెప్పిందంటే మల్ల లెక్కబెట్టుడు లేదు," అనేవాడు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు.

నా కారు అంబాసిడర్, మొట్టమొదట వచ్చిన రకం. మా ఆయన దాన్ని పెళ్ళిళ్ళకు, దవాఖానలకు కిరాయికి తిప్పి, అది అలిసిపోయాక జీపు కొనుక్కుని దీన్ని నాకు వదిలేశాడు. వదిలేయడమంటే ఊరికే కాదు, కాగితాలు నా పేరు మీదికి మార్పించాడు. నా పేరు మీద ఉన్న మొదటి వస్తువు అదే. దాని కోసం ఒక నోటు పుస్తకం పెట్టాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు తాగింది, ఏ టైరులో ఎంత గాలి ఉంది, అన్నీ రాసేదాన్ని.

మూడో ఆవిడ టీచరక్క. రాజేంద్రనగర్‌లో ఒక బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పేది. పుట్టిల్లు గుంటూరు వైపు. వాళ్ళ నాన్నగారు వాడిన హెరాల్డ్ కారును ఆయన పోయాక తానే అక్కడి నుంచి ఇక్కడి దాకా ఒంటరిగా నడుపుకుంటూ తెచ్చుకుంది. రెండు తలుపుల చిన్న బండి. ముందు భాగమంతా చక్రాల పైరేకులతో సహా మొసలి నోరులాగా ముందుకు తెరుచుకుంటుంది. ఎవరు అడిగినా అడగకపోయినా తెరిచి చూపించేది.

మేం ముగ్గురం కలిసింది శంషాబాదులో గాలి పట్టే కొట్టు దగ్గర. ఒకరి వెనక ఒకరం వరసలో ఆగాం. గాలి పట్టే ఆయన మూడు బండ్లనూ, మూడు స్టీరింగుల వెనక ఉన్న మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "ఇయ్యాల ఏంది, పాత బండ్ల పండుగా?" అన్నాడు.

"పాతయి నీ ట్యూబులు. మావి పెద్ద మనుషులు," అంది పెద్దమ్మ లోపలి నుంచే.

టీచరక్క గట్టిగా నవ్వింది. నేను నా నోటు పుస్తకం తీసి ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అని అతనికి చెబుతుంటే వాళ్ళిద్దరూ దిగి వచ్చి నా భుజం మీది నుంచి పుస్తకంలోకి చూడటం మొదలుపెట్టారు. ఆ రోజు ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అక్కడే ఉన్నాం.

తర్వాత ఒక అలవాటు ఏర్పడింది. ప్రతి నెలా రెండో ఆదివారం, టీచరక్క చర్చి నుంచి వచ్చాక ముగ్గురం ఒకే కారులో ఎక్కి ఎటైనా పోయి వచ్చేవాళ్ళం. ఒక నెల ఒకరి కారు. పోయేటప్పుడు మిగతా ఇద్దరు వంతులేసుకుని నడపాలి, వచ్చేటప్పుడు కారు ఎవరిదో వాళ్ళు నడపాలి. ఇది పెద్దమ్మ పెట్టిన పద్ధతి. "పోంగ మీ ముచ్చట తీరాలె, రాంగ నా బండి నా చేతికి రావాలె," అనేది. రావిర్యాల వైపు, కొత్తూరు వైపు, ఒకసారి దారి తప్పి ఎక్కడికో కూడా పోయాం. చేరిన చోట చేసేదేమీ ఉండేది కాదు. చాయ్ తాగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని వెనక్కి వచ్చేవాళ్ళం. పక్కవాళ్ళ బండి నడిపితే మన బండి గురించి తెలుస్తుంది. హెరాల్డ్‌లో ఎంత చిన్న సందులోనైనా తిరగొచ్చు. నా అంబాసిడర్‌లో గుంత వచ్చినా నడుముకు తెలియదు. ల్యాండ్‌మాస్టర్‌లో గేరు కర్ర స్టీరింగు కిందనే ఉంటుంది. దాన్ని తొయ్యకూడదు, పోనివ్వాలి. నేను తోసినప్పుడల్లా పెద్దమ్మ, "కోడి మెడ గాదు బిడ్డ, జర మెల్లగ," అనేది.

ఆ ఏడు దసరాకు కారుకు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పెద్దమ్మ స్టీరింగుకు బొట్టు పెడుతుంటే ఆమె కొడుకు ఒక మాట అన్నాడు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. తోట చూసుకునేది ఆయనే. అంతకు నెల ముందే పక్క తోటాయన స్కూటరు మీద పోతూ లారీ కింద పడ్డాడు. అప్పటి నుంచి తల్లి రోడ్డెక్కిన ప్రతిసారీ ఈయన గేటు దగ్గరే నిలబడేవాడు.

"అమ్మా, ఒక్క మాట. ఇగ చాలు. లారీలు ఎట్ల పోతున్నయో చూస్తున్నవు గద."

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న."

"చూస్తున్నవు గని, వయసు ఊకుంటదా? నీ చేతుల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బండి రోడ్డు మీద ఆగిపోయిందనుకో, తాళం చెవి నాకియ్యాలె. ఒప్పుకుంటవా?"

పెద్దమ్మ వేలికి అంటిన కుంకుమను స్టీరింగుకే తుడిచింది. "ఇస్త. ఆగకుంటే మాత్రం మల్ల గీ ముచ్చట నా ముంగట తేవద్దు."

అలా మాట అయింది. మేమిద్దరం అక్కడే ఉన్నాం.

ముల్లు లేకుండా పెట్రోలు సంగతి పెద్దమ్మ ఎలా తెలుసుకునేదంటే, ఎప్పుడు పోయించిందో గుర్తు పెట్టుకునేది, అనుమానం వస్తే మళ్ళీ పోయించేది. అంతే. నాకు అది నచ్చలేదు. ఇంత పెద్ద మాట ఇచ్చాక అంచనాల మీద తిరగడమేమిటి అనిపించింది. ఆమె కారు డిక్కీలో చాప ఎత్తితే ట్యాంకు పైభాగం కనిపిస్తుంది. ముల్లుకు తీగ వెళ్ళే చోట, ట్యాంకు వెనక కొసన, ఒక రంధ్రం ఉంది. చెడిపోయిన పరికరాన్ని ఎప్పుడో తీసేసి రబ్బరు వేసి రేకు మూత బిగించారు. ఆ మూత తీసి ఒక బద్ద దింపితే ఎంత తడిసిందో చూసి లీటర్లు చెప్పవచ్చు. కావలసిందల్లా బద్ద మీద గీతలు.

దసరా తర్వాతి వారం ఆ పని పెట్టుకున్నాను. తోటలో ద్రాక్ష కడిగి గంపలకెత్తే షెడ్డు ఉంది. పంట లేని నెలల్లో కారు దాంట్లోనే ఉండేది. నేల సిమెంటుది, నీడ ఉంటుంది, గాలి తగలదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, లీటరు కొలతతో ఒక్కొక్క లీటరే పోస్తూ, ప్రతిసారీ వెదురు బద్ద దింపి తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కత్తితో గీత పెట్టాను. అంగుళానికి దాదాపు ఆరు గీతలు వచ్చాయి. అయిదుకొక పొడుగు గీత. టీచరక్క కొలత పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

"నా కారులో ముల్లు బాగానే పనిచేస్తుందమ్మా, చూడటమే నాకు గుర్తుండదు," అంది. "ఇలాంటి బద్ద ఒకటి మా పిల్లల బుర్రల్లో దింపి చూడగలిగితే ఎంత బాగుండు."

పెద్దమ్మ బద్దను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత సదువు నా ట్యాంకుల ఉన్నదని నాకు తెల్వదు," అంది.

నాలుగు నెలలు బద్ద ఒక్కసారి కూడా తప్పలేదు. నేను ఇంత ఉందని చెప్పాక బంకులో ట్యాంకు నింపిస్తే సరిగ్గా అంతే పట్టేది. చివరికి పెద్దమ్మ తన అంచనాలు మానేసింది. ఎటు పోవాలన్నా ముందు, "ఎంతున్నది బిడ్డ?" అని అడిగేది. నేను బద్ద దింపి చెప్పేదాన్ని. తిరిగిన దూరాన్ని తొమ్మిదితో భాగించడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆ బండి లీటరుకు తొమ్మిది ఇచ్చేది.

మాఘం వెళ్ళాక ద్రాక్ష కోతలు మొదలయ్యాయి. షెడ్డు నిండా గంపలు, కోసేవాళ్ళు, కడిగేవాళ్ళు. కారును బయటికి తెచ్చి ఇంటి ముందు వాకిట్లో, వేపచెట్టు కింద పెట్టారు. ఆ నెల రెండో ఆదివారం ల్యాండ్‌మాస్టర్ వంతు. కొత్తూరు పోయి రావాలనుకున్నాం. తోట గేటు నుంచి పోనూ రానూ నలభై రెండు కిలోమీటర్లు, అంతకు ముందే నేను కొలిచి రాసుకున్న దూరం. బద్ద దింపాను. ఎనిమిది.

గేటు దాటి రోడ్డెక్కాక బంకు వచ్చింది. అప్పటికి టీచరక్క నడుపుతోంది. పెద్దమ్మ వెనక సీటులో ఉంది.

"జర ఆపి పోయించుకుందామా బిడ్డ?"

బంకు ముందు లారీలు ఏడు నిలబడి ఉన్నాయి. లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది. "ఎందుకు పెద్దమ్మ? ఎనిమిది ఉంది. మనకు అయిదు కూడా పట్టదు. ఇంటికొచ్చినంక కూడా మూడు పైన మిగుల్తది," అన్నాను.

"నువ్వన్నంక ఇగ నాకేంది. పోనియ్యి టీచరమ్మా."

కొత్తూరులో చాయ్ తాగాం. అక్కడి ఫ్యాక్టరీల నుంచి షిఫ్టు దిగిన మనుషులు బండి చుట్టూ మూగారు. ఒకాయన, "అవ్వా, అమ్ముతవా?" అని అడిగితే పెద్దమ్మ, "నన్ను ఎవరన్న కొంటే బండి ఉత్తగనే ఇస్త," అంది. తిరుగు ప్రయాణంలో ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. ఎప్పటిలాగే చెప్పులు విడిచి, పాదాలు తుడుచుకుని, అద్దం సర్దుకుని. ఆమె నడుపుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళకు గేరు మారినట్టు తెలియదు. టీచరక్క వెనక సీటులో కునికింది.

పాలమాకుల దాటి చాలాసేపయింది. తోట ఇంకా కిలోమీటరున్నర ఉందనగా ఇంజిను ఒకసారి తడబడింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ తడబడింది. వెనక లారీ హారను కొట్టింది. పెద్దమ్మ కంగారు పడలేదు. చెయ్యి బయటపెట్టి సైగ చేసి, గేరు తీసేసి, ఉన్న వేగంతోనే బండిని రోడ్డు అంచు దాటించి మట్టి మీదికి తెచ్చి ఆపింది. లారీ దాటిపోయింది. 

"పెట్రోల్ అయిపోయింది," అంది పెద్దమ్మ.

"కాదు పెద్దమ్మ. మూడున్నర ఉండాలె."

"ఆ సప్పుడు నాకు తెలుసు బిడ్డ. ఆయన ఉన్నప్పుడు ఇంటి కాడ ఒక్కసారి గిట్లనే అయింది. దప్పికైతే గట్లనే దగ్గుతది."

నేను డిక్కీ తెరిచి, చాప ఎత్తి, మూత విప్పి బద్ద దింపాను. తీసి ఆమెకు చూపించాను. తడి మూడో గీత దాటి నాలుగో గీతకు సగం దూరంలో ఉంది. నలభై రెండులో ఒకటిన్నర తీసేస్తే నలభైన్నర. దాన్ని తొమ్మిదితో భాగిస్తే నాలుగున్నర. ఎనిమిదిలో నాలుగున్నర పోతే మూడున్నర. లెక్కా బద్దా అక్షరాలా కలిశాయి. అంత బాగా కలిసినందుకు ఆ పరిస్థితిలో కూడా నాకు లోపల కొంచెం సంతోషం కలిగింది. దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

పెద్దమ్మ బద్ద వైపు చాలాసేపు చూసింది. "అయితే పెట్రోల్ గాదు," అంది. తర్వాత మెల్లగా, "చౌక్ గుంజి మర్చిపోయిన్నా? కాలు యాడన్న పెట్టిన్నా? నాకే తెల్వకుండ ఏదో జేసిన," అంది. చల్లబడ్డ ఇంజిను స్టార్ట్ చేసేటప్పుడు లాగే ఆ చౌక్ మీట మామూలుగానే ఉంది. నేను చూశాను. ఆ మాట చెప్పాను కూడా. ఆమె వినిపించుకోలేదు.

కబురెలా పోయిందో, పావుగంటలో కొడుకు ట్రాక్టరు తీసుకుని వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. మనుషులు ముగ్గురూ బాగున్నారని చూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"పెట్రోల్ ఉన్నదా?" అని నన్నే అడిగాడు.

"ఉంది అన్నా. మూడున్నర."

తాడు కట్టి బండిని వాకిట్లోకి లాగించాడు. మెకానిక్ వారం తర్వాతగానీ రాడు, ఊళ్ళో లేడు. పెద్దమ్మ దిగి, తాళం చెవిని కొంగుతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది. ఆయన ఏదో అనబోయాడు.

"మాట మాటే బిడ్డ," అని లోపలికి పోయింది. చెప్పులు కారులోనే మర్చిపోయింది. టీచరక్క వాటిని తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత ఫారం నుంచి వస్తూ తోటలో ఆగాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ద్రాక్ష గుత్తుల్లో పగిలిన పండ్లు ఏరుతోంది. కారు ఎదురుగానే ఉన్నా, దానికి వీపు పెట్టి కూర్చుంది. నేను కూర్చోబోతే, "నువ్వు జెప్పు బిడ్డ, నువ్వు లెక్కల మనిషివి. మనిషికి తెల్వకుండ చెయ్యి తప్పుడు ఎప్పుడు షురూ అయితది?" అని అడిగింది.  నీళ్ళు తాగి వస్తానని షెడ్డు వైపు నడిచాను.

లోపల ఆ రోజు పని అయిపోయింది. గంపలు లారీకెక్కాయి. ఒకామె బకెట్లతో నీళ్ళు కొట్టి నేల కడుగుతోంది. చీపురు ఇంకా చేతిలోకి తీసుకోలేదు. నీళ్ళు వాటంతటవే ఎదుటి గోడ కిందున్న కాలువ వైపు పోతున్నాయి. తొందర లేకుండా, అన్నీ ఒకే వైపు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. కింద పడి ఉన్న ద్రాక్షపండు ఒకటి తీసి కడిగిన నేల మీద పెట్టాను. అది కాసేపు ఊగి గోడ వైపు దొర్లుకుంటూ పోయింది.

ద్రాక్ష కడిగే షెడ్డుకు నేల చదునుగా ఎందుకుంటుంది? నీళ్ళు నిలవకూడదని మేస్త్రీలు కావాలనే వాలు పెట్టారు. కారు ఎప్పుడూ ముక్కు గోడ వైపు పెట్టి లోపలికి వచ్చేది. అంటే ముక్కు కిందికి, వెనక భాగం పైకి. ట్యాంకులో పెట్రోలు కూడా ఆ నీళ్ళలాగే ముందుకు జారి ఉంటుంది. నా బద్ద దిగేది వెనక కొసన. ఉన్నదాని కంటే తక్కువ తడిసేది. ఆ తక్కువ తడికే నేను అయిదని, పదని గీతలు పెట్టాను. ఆ షెడ్డులోనే నిలబెట్టి చూసినంత కాలం లెక్క సరిపోయింది. చదునైన వాకిట్లోకి వచ్చాక పెట్రోలు సమంగా పరుచుకుంది, బద్ద ఎక్కువ తడిసింది. నేను ఎక్కువ చదివాను.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టం ఒకటి అడిగి తెచ్చి, షెడ్డులో కొలిచాను. పది అడుగులకు నాలుగు అంగుళాల వాలు. ట్యాంకు వంగినా నడిమిలో మట్టం మారదు; బద్ద దిగే రంధ్రం నుంచి ఆ నడిమి దాకా పద్నాలుగు అంగుళాలు. అంటే బద్ద దగ్గర తేడా దాదాపు అర అంగుళం. అర అంగుళమంటే మూడు లీటర్లు. ఆ ఆదివారం మేము బయల్దేరేటప్పుడు ఉన్నది ఎనిమిది కాదు, అయిదు. ఆగినప్పుడు మిగిలింది అరలీటరు. అది ట్యాంకు అడుగున ఉండిపోయేదే, ఇంజినుకు అందదు.

ఆ గొట్టం చుట్టుకుంటూ కూర్చున్న కాసేపట్లో నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మెకానిక్ వస్తాడు, ముందు పెట్రోలు పోసి చూస్తాడు, బండి నడుస్తుంది. ఏదో చెత్త అడ్డుపడి ఉంటుందని అతనే అంటాడు. నా బద్ద సంగతి ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు కూడా పెద్దమ్మ చెయ్యే తప్పినట్టు మిగిలిపోతుంది. తాళం చెవి కొడుకు దగ్గరే ఉంటుంది. పదేళ్ళుగా నా లెక్కను ఎవరూ తిరిగి లెక్కపెట్టలేదు. దాన్ని నేనే ఇప్పుడు ఊరి ముందు పెట్టాలి.

కొడుకు అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. పెద్దమ్మ గుమ్మంలో ఉంది. ఒక స్టీలు పళ్ళెం అడిగి తీసుకుని, దాంట్లో సగం నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టాను.

"అన్నా, దీన్ని జర ఒక పక్కకు వంచు."

"పొద్దుగాల పొద్దుగాల ఏందమ్మా గిది?" అంటూనే వంచాడు.

"నీళ్ళు యాడికి పోయినయ్?"

"యాడికి పోతయ్, కిందికి పోయినయ్."

"పై కొసన వేలు పెట్టు. ఎంత తడిసింది? ఇప్పుడు పళ్ళెం కింద పెట్టి మళ్ళ పెట్టు."

ఆయన పెట్టాడు. నా మొహం చూశాడు. నేను మొత్తం చెప్పాను. షెడ్డు వాలు, గీతలు, వాకిలి, మూడు లీటర్లు. చెబుతున్నంతసేపూ అంకెలనే పట్టుకున్నాను. చివర, "పెద్దమ్మ బంకు కాడ ఆపుదామన్నది. నేనే వద్దన్న. బండి ఆగినంక పెట్రోల్ అయిపోయిందని కూడ అన్నది. నేనే కాదన్న. చెయ్యి తప్పింది ఆమెది కాదు, నాది," అన్నాను.

తెచ్చుకున్న డబ్బాలో రెండు లీటర్ల పెట్రోలు ఉంది. వాకిట్లోకి పోయి ట్యాంకులో పోశాను. కొడుకు లోపలికి పోయి తాళం చెవి తెచ్చి తానే కూర్చున్నాడు. మూడుసార్లు తిప్పాడు. ఇంజిను తిరిగింది కానీ అందుకోలేదు. నాకు కాళ్ళ కింద నేల మళ్ళీ వాలినట్టనిపించింది.

"ఆగు," అంది పెద్దమ్మ గుమ్మంలో నుంచి. "పైపుల గాలి ఉన్నది. జర సేపు ఆగి తిప్పు."

ఆయన ఆగాడు. మళ్ళీ తిప్పాడు. నాలుగోసారి తడబడి, అయిదోసారి అందుకుంది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింది.

ఆయన దిగి తాళం చెవి చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు. "ఎవరి తప్పయితేంది, రోడ్డు మీద ఆగుడైతే ఆగింది గద. లారీ కొద్దిలో తప్పింది. నా భయం నాది."

"నువ్వు షరతు పెట్టినప్పుడు 'నీ చేతుల' అన్నవు అన్నా. ఆగింది నా లెక్కతోని. దసరా నాడు నేనూ ఉన్న," అన్నాను. నా అంబాసిడర్ తాళం చెవి తీసి అరుగు మీద పెట్టాను. "తాళం తీసుకోవాలనుకుంటే ఇది తీసుకో. తప్పు జేసింది నేను."

ఆయన దాన్ని చూశాడు. పెద్దమ్మ కూడా చూసింది.

"వానికెందుకే నీ డబ్బా బండి," అంది. "ఆడ పెడితే కోళ్ళు గుడ్లు పెడతయ్ దాంట్ల. మల్ల అవి ఎవరు లెక్కబెట్టాలె?"

కొడుకు నవ్వాపుకోలేకపోయాడు. నవ్వు ఆగాక తల్లి వైపు తిరిగి, "చప్పుడు ఇని పెట్రోల్ అని చెప్పినవా అమ్మా?" అని అడిగాడు.

"చెప్పిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"లెక్క కలిసింది గదరా. లెక్క కలిసినంక నా చెవి ఎవలు ఇంటరు?"

ఆయన తాళం చెవిని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అప్పటికి కొంగుకు ముడేసుకుంది, కారు వైపు పోలేదు. నా దగ్గరికి వచ్చి బద్ద తీసుకుంది; విరిచేస్తుందేమో అనుకున్నాను. వెలుతురులో పెట్టి గీతలు చూసింది.

"మంచిగ గీసినవు. పారేయకు. గీతలు రెండో దిక్కు మల్ల గియ్యి, గీ వాకిట్ల నిలబెట్టి. యాడ నిలబెట్టి గీసినవో కూడ రాయి దాని మీద."

వచ్చిన ఆదివారమే మళ్ళీ లీటరు లీటరు పోస్తూ గీశాను. ఈసారి టీచరక్క నీళ్ళ గొట్టం పట్టుకుని బండి నాలుగు చక్రాల దగ్గరా మట్టం చూసింది. జరిగిందంతా విని ఆమె నన్ను ఓదార్చబోయింది కానీ దారి మధ్యలో మనసు మార్చుకుంది. "చూడమ్మా, నేను బళ్ళో పటాలు పెట్టి, భూమి గుండ్రంగా ఉంటుంది పిల్లలూ అని చెబుతాను. షెడ్డు నేల వాలుగా ఉంటుందని నాకూ తోచలేదు. నేనూ అక్కడే కొలత పట్టుకుని కూర్చున్నాను," అంది. బద్ద ఒక పక్క పాత గీతలు, పైన 'షెడ్డు'. రెండో పక్క కొత్తవి, పైన 'వాకిలి'.

ఇప్పుడు ఆ రోడ్డు మీద పోతే తోట ఎక్కడుండేదో నేను చెప్పలేను. కిలోమీటరు రాళ్ళు మారాయి, విమానాల కోసం వేసిన రోడ్లు పాత మలుపులను మింగేశాయి. పెద్దమ్మ ఆ తర్వాత ఇంకా ఆరేళ్ళు బండి నడిపింది. కొడుకు గేటు దగ్గర నిలబడటం మానలేదు. తర్వాత ఒకరోజు ఆమే, "ఇగ రాత్రి దీపాలు పూలలెక్క కనవడుతున్నయి," అని తాళం చెవి ఆయన చేతికిచ్చింది. ఎవరూ అడగలేదు.

బండి ఆగిన సంగతి జరిగాక మొదటిసారి మళ్ళీ ల్యాండ్‌మాస్టర్ వంతు వచ్చిన నెల నాకు బాగా గుర్తుంది. రావిర్యాల పోవాలి. నేను డిక్కీ తెరిచాను. పెద్దమ్మ అద్దం తుడుస్తూ, ఎప్పటిలాగే, "ఎంతున్నది బిడ్డ?" అంది.

"పదకొండు."

"ఏ దిక్కు చూసి చెప్పినవ్?"

"వాకిలి దిక్కు."

ఆమె తల ఊపింది. గేటు దాటి రోడ్డెక్కాం. టీచరక్క నడుపుతోంది. బంకు దగ్గరికి వస్తుంటే పెద్దమ్మ వెనక సీటులో నుంచి ఏమీ అనలేదు. నేనే టీచరక్క చేతి మీద తట్టి ఆపించాను. ముందు లారీలు నిలబడి ఉన్నాయి. ఎన్నో లెక్కపెట్టలేదు.